చిన్నమ్మ పళ్ళెం

ఎనభైల్లో కామాటిపురలో, వలసొచ్చిన మా తెలుగువాళ్ళుండే వరుసగదుల చాల్‌లో మా చిన్నమ్మ ఇంట్లో ఉండేవాణ్ణి. సేవ చేయడానికి విదేశం నుంచి వచ్చిన లూసీ, శిక్షణలో భాగంగా మా మాట, పద్ధతులు నేర్చుకోవడానికి మా ఇంట్లో దిగింది. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే. పైగా కోతలరాయుణ్ణి. "మాలో అతిథి ఇంటివాళ్ళ పళ్ళెంలో చెయ్యి పెడితే ఇల్లాలికి ప్రాణగండం" అని మొదటిరోజే లూసీకి గంభీరంగా చెప్పాను.

మా ఇంట్లో ఆడవాళ్ళంతా ఒకే పళ్ళెంలో తినేవారు. చిన్నమ్మ జొన్నరొట్టె, పుంటికూర పెట్టి, "రా బిడ్డా, నాతోని తిను" అంది. లూసీ హడలిపోయి చేతులు వెనక్కి దాచుకుంది. రోజూ అదే తంతు.

"మా కూడు గలీజు కొడుతుందారా గా పిల్లకు? నీకేమన్న ఎరుకనా?"

"నాకేం ఎరుక చిన్నమ్మా!" అన్నాను నవ్వాపుకుంటూ.

వారం తిరక్కుండానే చిన్నమ్మ శిక్షణవాళ్ళను పిలిపించి, "వేరే ఇల్లు చూడుండ్రి" అనేసింది. పెట్టె పట్టుకుని గడప దాటుతూ లూసీ కళ్ళు తుడుచుకుంది. "అమ్మకు ఏ గండమూ రాకూడదనే దూరంగా ఉన్నానని చెప్పు" అంది నాతో.

"ఏమంటుందిరా?" అంది చిన్నమ్మ.

నిజం గొంతుదాకా వచ్చింది. "పోయొస్తనంటుంది" అన్నాను.

ఆ పిల్ల తనను అసహ్యించుకుందనుకుంటూనే చిన్నమ్మ కన్నుమూసింది. నేను చెప్పిన అబద్ధాలకు చాల్ అంతా పగలబడి నవ్వేది. ఈ ఒక్కటి మాత్రం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేకపోయాను.