అక్క పోసిన నీళ్ళు

మా అక్క పోయింది. పత్తి తీతలు సాగుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం, నిద్రలోనే. ఆ నిద్ర ఎక్కడ ఆగిందో, చావు ఎక్కడ మొదలైందో, మంచం పక్కనే కూర్చున్న నాకు తెలియలేదు. కిటికీలోంచి ఎండ ఆమె కాళ్ళ మీదికి జరిగి, మోకాళ్ళ దాకా వచ్చినా దుప్పటి లాక్కోలేదు. అప్పుడు అనుమానం వచ్చింది.

నర్సు పిల్లకు ఫోన్ చేసి “అక్క” అన్నాను. రెండో మాట రాలేదు. “వస్తన్నా తాతయ్యా” అని ఆ పిల్లే పెట్టేసింది.

నాకు మాటలు తక్కువ. నా తరఫున మాట్లాడిందంతా అక్కే. బళ్ళో పంతులుగారికి నా పేరు చెప్పింది ఆమే. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందని చెప్పిందీ ఆమే. అలా వచ్చిన నా భార్య పోయాక, ఇటు బావ కూడా పోయాక, అక్కా నేనూ ఒక ఇంట్లో ఉండిపోయాం. ఇప్పుడామె గురించి ఈ నాలుగు ముక్కలు నేనే చెప్పాల్సి వచ్చింది.

అక్క మాచర్ల వైపు నాపరాళ్ళ క్వారీలో పని చేసింది. మా ఇంట్లో పరిచినవీ ఆ రాళ్ళే. వేసవిలో వాటి మీద పడుకుని, చల్లదనం వీపుకు తగులుతుంటే, “రాయిని చూస్తా నిలబడితే బరువెక్కుద్దిరా, ఎత్తెయ్యాలంతే” అనేది.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మంచంలో ఉండి ఉండి నడుం దగ్గర పుండు పడింది. టౌను ఆసుపత్రి వాళ్ళు ఇంటికొచ్చి కట్టు కట్టేందుకు ఒక పిల్లను పంపారు. నర్సింగు అప్పుడే పాసైందట. స్కూటీ మెకానిక్కు కూతురు. ఇంటింటికీ తిరిగే ఉద్యోగంలో మాదే ఆ పిల్లకు మొదటి ఇల్లు. బీపీ పట్టీ రెండుసార్లు ఊడదీసి మళ్ళీ చుట్టింది. అక్కను అడగాల్సినవన్నీ నన్ను అడిగింది. నేను అక్క వైపు చూశాను.

కట్టు కట్టడం అయ్యాక పెరట్లో డ్రమ్ము దగ్గరకు వెళ్ళి, మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుని బండెక్కింది. అక్క మంచంలోంచి అదంతా చూసింది.

మళ్ళీ వచ్చిన రోజు అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. ముట్టుకోనివ్వలేదు. పిల్ల బతిమాలింది. కట్టు మార్చకపోతే పుండు లోపలికి దిగుతుందంది. అక్క కదల్లేదు. మొదటి ఇంట్లోనే వద్దన్నారని పైవాళ్ళకు ఎలా చెప్పాలో తెలియక, ఆ పిల్ల సంచీ గుండెలకు పట్టుకుని గడపలో నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు.

అప్పుడు అక్క గోడతోనే అన్నట్టు అంది. “ఏందమ్మాయ్, చావింటికొచ్చినట్టు కడుక్కొని పోతన్నావు. నేనింకా ఉన్నాగా.”

మా వైపు చావింటికి వెళ్ళినవాళ్ళే అలా కడుక్కుని బయల్దేరతారు. బతికున్న మనిషిని చూసి వెళ్తూ ఎవరూ కడుక్కోరు. ఆ పిల్లదీ ఈ ప్రాంతమే, ఆ సంగతి తెలుసు. కాలేజీలో నేర్పిన పని చేస్తూ అది మరిచిపోయింది.

చిన్న గొంతుతో చెప్పింది. “వచ్చేటప్పుడు కడుక్కునేది నీ కోసం అమ్మమ్మా. పోయేటప్పుడు కడుక్కునేది నీ తర్వాతింటి కోసం. ఇక్కణ్ణించి బాలింత దగ్గరికి పోవాల. నీ పుండు ఆ పసిదానికి అంటకూడదు.”

బయట ఎవరిదో రాళ్ళ ట్రాక్టరు వెళ్ళింది, దాని చప్పుడు ఊరి చివర దాకా వినబడింది. తర్వాత అక్క ఇటు తిరిగింది.

“అట్టయితే చాటున ఎందుకు? నా ముందర కడుక్కో. నే పోస్తా.”

ఆ రోజు నుంచి మంచం పక్కన బేసిను, చెంబు. కట్టు అయ్యాక పిల్ల చేతులు చాపేది, అక్క ఎడం చేత్తో పోసేది. సగం నీళ్ళు బేసినులో, సగం బండల మీద. కొన్నాళ్ళకు పిల్ల ఆ చెంబును మెల్లగా కుడి చేతికి మార్చి, కింద తన చెయ్యి ఆనించింది. చెంబు లేవలేదు. అక్క దాని వంకే చూస్తూ కూర్చుంది.

“చూస్తా కూర్చుంటే బరువెక్కుద్ది అమ్మమ్మా” అంది పిల్ల. అక్క దగ్గర విన్న మాటే, తిరిగి అక్కకే. మంచం పట్టాక ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

పుండు మానింది. చెయ్యి పూర్తిగా రాలేదు గానీ, చెంబు వంచేటంత వచ్చింది. పని లేకపోయినా ఆ పిల్ల అటుగా వెళ్తూ ఆగేది. బండి చప్పుడు వినగానే అక్క చెంబు కోసం తడుముకునేది. ఒక్కోసారి పగటి నిద్రలోనే చెయ్యి మెల్లగా వంగేది, ఎవరి చేతుల మీదో పోస్తున్నట్టు. నేను చూస్తూ కూర్చునేవాణ్ణి. లేపబుద్ధయ్యేది కాదు.

పోయిన రోజు ఆ పిల్ల వచ్చేసరికి అక్కను వసారాలో బండల మీద పడుకోబెట్టారు. జనం వచ్చి చూసి, డ్రమ్ము దగ్గర కడుక్కుని వెళ్తున్నారు. పిల్ల అక్క జుట్టు సరిచేసింది. కుడి చేతి వేళ్ళు ఒక్కొక్కటీ చాపి పెట్టింది. చాలాసేపు కూర్చుంది. ఇంకో ఇంట్లో ఎవరికో ఇంజెక్షను ఉందని లేచి, లోపలి నుంచి బేసిను తెచ్చి అక్క పక్కనే పెట్టింది.

“బయట కడుక్కోవాలమ్మాయ్” అన్నారెవరో.

“ఇక్కడే కడుక్కుంటది” అన్నాను. అంతమందిలో నా గొంతు నాకే కొత్తగా వినబడింది. “అక్క ముందరే.”

చెంబు నేనే తీసుకున్నాను. ఆ పిల్ల చేతులు చాపింది. నాకు పోయడం అలవాటు లేక, సగం నీళ్ళు బండల మీద పడ్డాయి. అవి రెండు రాళ్ళ మధ్య సందు పట్టుకుని, తొందర లేకుండా, అక్క కుడి చెయ్యి దాకా వెళ్ళి ఆగాయి.