బస్సులో ఇచ్చిన పెన్‌డ్రైవ్

మా రైస్‌మిల్లులో కంప్యూటర్లు చూసేది నేనే. వైరస్ భయంతో ముందురోజు విండోస్ అప్‌డేట్ వేశాను. తెల్లారేసరికి కాంటా ప్రింటర్ పనిచేయడం మానేసింది. తూకం చీటీలు రాక ధాన్యం లారీలు రోడ్డు దాకా ఆగాయి. నేనేమో మిల్లుకని కోదాడ నుంచి మిర్యాలగూడ వెళ్ళే బస్సులో ఉన్నాను.

"లారీలోళ్ళు కొట్టేటట్టున్నరు సార్, జల్ది రాండ్రి" అని గుమస్తా ఫోన్లో మొత్తుకున్నాడు.

"నిన్నటి విండోస్ అప్‌డేట్‌తోనే ప్రింటర్ ఆగినట్టుంది, వస్తున్న" అని చెప్పి ఫోన్ పెట్టగానే పక్క సీటాయన నావైపు వంగాడు.

"పాత ప్రింటరా అన్నా? కొత్త విండోస్‌ల దాని డ్రైవర్ నడ్వది. నేను గీ పనే చేస్త. నడిచే సాఫ్ట్‌వేర్ నా దగ్గరున్నది, తీస్కో."

జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి చాచాడు.

అది ఏ కంపెనీ ప్రింటరో నేనింకా చెప్పనేలేదు. సరిగ్గా కావలసిన వస్తువు, సరిగ్గా కావలసిన వేళకి ఈయన జేబులోకి ఎలా వచ్చింది? ఒళ్ళో ఉన్న ల్యాప్‌టాప్ మూసి, బ్యాగులో పెట్టి జిప్పు లాగాను.

"వద్దన్నా, మా ఆఫీసుల ఒప్పుకోరు" అన్నాను. ఒప్పుకోవలసింది నేనే.

నేరేడుచర్లలో దిగుతూ అతను నవ్వాడు.

"మంచి పని చేసినవ్. నీ జాగల నేనున్నా వద్దనే అంటుంటి."

ఆ మాటతో నమ్మకం కుదిరింది. పిలుద్దామని కిటికీలోంచి చెయ్యి బయటపెట్టాను. అంతలోనే, మోసగాడైనా ఇదే మాట అంటాడు కదా అని తట్టింది. చెయ్యి లోపలికి లాక్కున్నాను.

ఇప్పటికీ ఎవరైనా నా జాగ్రత్తను మెచ్చుకుంటే, ముందు వాళ్ళ చేతిలో ఏముందో చూస్తాను.