మూడవ సభ పెరట్లో

విజయమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని రేపల్లె చేపల బజారులో తెలియనివాళ్ళు లేరు. బేరం దగ్గర పదో పరకో తగ్గేదేమో గాని, మాట దగ్గర తగ్గే మనిషి కాదు. తెల్లారేసరికి నిజాంపట్నం రేవు నుంచి వచ్చిన రొయ్యలూ చేపలూ గంపకెత్తుకుని, తెనాలి ప్యాసింజరెక్కి, ఆ ఊరి వీధుల్లో అమ్ముకుని మధ్యాహ్నం బండికి తిరిగొచ్చేది. తూకంలో మోసమన్న పెద్దమనిషిని ఆయన గుమ్మంలోనే నిలబెట్టి దులిపేసిన రోజులున్నాయి. అలాంటి విజయమ్మ, శాంతి చాటిన పునీతుడు అసిస్సీ ఫ్రాన్సిస్ వారి పేరు మీద నడిచే మూడవ సభలో చేరిందంటే జనం నవ్వరూ మరి? మొగుడు తోమాసయితే “శాంతి మార్గమా? నువ్వా?” అని అన్నం ముందు కూర్చుని పొలమారేదాకా నవ్వాడు.

ఆమెను చేర్పించింది క్రిస్టినా పిన్ని. సొంత పిన్ని కాదు, పక్కింటి మనిషి. విజయమ్మకు గంప మోయడం నేర్పిన మనిషి. సునామీ వచ్చిన ఏడు బియ్యం పంచడానికి ఫాదర్ యాకోబు గారు గోధుమరంగు అంగీ వేసుకుని నిజాంపట్నం తీరానికి వచ్చారు. పంపకం అయ్యాక ఇసుకలో కూర్చుని ఫ్రాన్సిస్ వారి కథ చెప్పారు. బట్టల షావుకారు కొడుకట. తండ్రితో పేచీ వచ్చి ఒంటి మీద గుడ్డలు కూడా విప్పి ఆయన చేతికే ఇచ్చేశాడట. కుష్ఠురోగిని కౌగిలించుకున్నాడట. ఆ కథ పిన్నిని పట్టుకుంది. “కలిగినోళ్ళ బిడ్డ మనబోటోళ్ళలోకొచ్చి కూర్చున్నాడే విజయా!” అని చెప్పిందే చెప్పేది. సన్యాసం పుచ్చుకోకుండా, సంసారం చేసుకుంటూనే ఆయన దారిన నడిచేవాళ్ళకు మూడవ సభ ఉందనీ, తెనాలి గుడిలో నెలకోసారి కూడతారనీ ఫాదర్ గారే చెప్పారు. కొంతకాలం శిక్షణ, ఆ తర్వాత పీఠం ముందు మాటపట్టు. అంటే బతికినన్నాళ్ళూ ఈ దారి విడవనని దేవుడికి మాటివ్వడం. ఆ మాటపట్టు మీద పిన్ని ప్రాణం పెట్టుకుంది. ఒక్కతే వెళ్ళడానికి జంకి విజయమ్మను వెంట లాక్కెళ్ళింది.

శిక్షణ ఇచ్చేది దేవసహాయం మాస్టారు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. పాపం మంచివాడే అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. విజయమ్మ మాత్రం ఆ మాట అనలేదు, ఇక అనబోదు కూడా. మొదటి నెల పూజ అయ్యాక ఇడ్లీ పెట్టారు. తిన్నాక మాస్టారు హాలంతా చూసి, రేపల్లె నుంచి వచ్చిన ఇద్దరి మీద చూపు నిలిపాడు.

“ఫ్రాన్సిస్ వారి దగ్గర మొదటి పాఠం తగ్గింపు, అంటే వినయం. అమ్మా, మీరిద్దరూ ఆ పాత్రలు శుభ్రం చేసి పాఠం మొదలుపెట్టండి.”

బ్యాంకు గుమాస్తా భార్య, కంపౌండరు, ఇద్దరు టీచరమ్మలు కుర్చీలు దగ్గరకు లాక్కుని పుస్తకాలు తెరిచారు. వాళ్ళూ ఆ నెలే కొత్తగా చేరారు. వాళ్ళ తగ్గింపు పుస్తకంలో ఉంది, వీళ్ళ తగ్గింపు పెరట్లో బోరింగు పక్కన బూడిద కుప్పలో ఉంది.

సరేలే అని మొదటి నెల తోమింది విజయమ్మ. రెండో నెలా వాళ్ళిద్దరే. మూడో నెల గిన్నెలు ముందుకొచ్చేసరికి ఉండబట్టలేక, “ఈసారి వంతు ఎవరిదండీ?” అని అడిగింది. మాస్టారు చిరునవ్వు నవ్వాడు. “వంతులు బజారులో ఉంటాయమ్మా. నీకింకా తగ్గింపు రాలేదు.” ఆ నవ్వు చూసి విజయమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్ళి హాల్లో వెనక కుర్చీలో కూర్చుంది. రమ్మన్నా పిన్ని రాలేదు. “దేవుడింటి గిన్నెలే కదే, పోనీ” అంటూ కొంగు బిగించి పెరట్లోకి నడిచింది. టిఫిన్ గిన్నెలు అయ్యేసరికి మధ్యాహ్నం వంటకు పొయ్యి ముట్టించాలి. వంట దించేసరికి పాఠం అయిపోయేది. ప్రతి నెలా అదే తంతు.

ఆ మరుసటి ఏడు బాపట్లలో మూడు రోజుల ధ్యానం పెట్టారు. చీరాల నుంచీ చెరుకుపల్లి నుంచీ కూడా సభ్యులు వచ్చారు. మాస్టారు బోర్డు మీద సుద్దతో రాసి చెప్పాడు. మొదటి సభ ఫాదర్లది, బ్రదర్లది. రెండవది మఠంలో ఉండే సిస్టర్లది. మూడవది మన సంసారులది. చెప్పి, చేతులు దులుపుకుని, “సందేహాలేమైనా ఉన్నాయా?” అన్నాడు.

విజయమ్మ లేచి నిలబడింది. “మరి పెరట్లో గిన్నెలు తోమేది ఎన్నో సభండీ మాస్టారూ?”

ఎవరో కిసుక్కున నవ్వి నోరు నొక్కుకున్నారు. మాస్టారి మొహం మాడిపోయింది. వచ్చే ఏడు మాటపట్టు ఇచ్చేవాళ్ళ జాబితాలోంచి ఆమె పేరు తీసేశాడు. నోరు అదుపులోకి వచ్చాక చూద్దామన్నాడు. విజయమ్మ నేరుగా ఫాదర్ యాకోబు గారి దగ్గరికి వెళ్ళింది. సభకు ఆత్మీయ సలహాదారు ఆయనే. ఆయన అంతా విని నిట్టూర్చి, “శిక్షణ మాస్టారి చేతిలో పెట్టానమ్మా. కాస్త ఓపిక పట్టు” అన్నారు. ఫాదర్ గారు మంచివారే. ఆ మంచితనమే విజయమ్మకు ఒళ్ళు మండించేది. కళ్ళెదుట అన్యాయం జరుగుతుంటే ఓపిక పట్టమని చెప్పడానికి అంత చదువూ ఆ అంగీ ఎందుకని రైల్లో దారి పొడుగునా సణిగింది.

పిన్ని మాత్రం బతిమాలింది. “నాకోసం ఒక్క ఏడు నోరు మూసుకోవే. ఇద్దరం పక్కపక్కన నిలబడి మాటిద్దాం. నాకదొక్కటే కోరిక.” పిన్ని మొహం చూసి విజయమ్మ ఒప్పుకుంది. ఏడాది పాటు నోరు కట్టేసుకుని కూర్చుంది. అక్కడ మింగిన కోపమంతా తెనాలి వీధుల్లో బేరమాడేవాళ్ళ మీద కక్కేది. మాస్టారు సంతోషించాడు. నియమావళి అప్పజెప్పించుకున్నాడు, ఒక్క తప్పు కూడా లేకుండా చెప్పింది. “చూశావా అమ్మా, తగ్గితే ఎంత బాగుందో” అన్నాడు. దానికీ ఊరుకుంది.

ఫ్రాన్సిస్ వారి పండగ వచ్చింది. తెనాలి గుడి నిండా జనం. మాటపట్టు ఇచ్చేవాళ్ళ మెడలో కొయ్య సిలువలు వేసి పీఠం ముందు వరసగా నిలబెట్టారు. కంపౌండరు, గుమాస్తా భార్య, టీచరమ్మలు, చివర విజయమ్మ. పక్కన చోటు ఖాళీగా ఉంది. పిన్ని ఇంకా రాలేదేంటని చుట్టూ చూసింది. పక్క తలుపులోంచి పెరడు కనిపించింది. కొత్త చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, పిన్ని పెద్ద డేగిసాలోకి వంగి మసి తోముతోంది.

“పిన్ని ఏదండీ?” అని మాస్టారిని మెల్లగా అడిగింది.

“ఆమెకు పాఠాలు రాలేదమ్మా. మొన్న అడిగితే ఒక్కటీ చెప్పలేకపోయింది. ఇన్నేళ్ళు వచ్చి ఏం నేర్చుకున్నట్టు? వచ్చే ఏడు చూద్దాం.”

పిన్నికి మొన్నే తెలుసన్నమాట. తెలిసీ ఒక్క మాట చెప్పలేదు. పొద్దున రైల్లో “జవాబు వల్లించావా?” అని అడిగితే, “నీ సంగతి చూసుకో, నాది తర్వాత” అంటే సిగ్గుపడుతోందనుకుంది విజయమ్మ. పాఠాలు రాలేదట! పాఠం వేళకు ఆ మనిషిని పెరట్లోకి తోలింది ఎవరు? చెప్పని పాఠం అప్పజెప్పమని అడగడానికి ఈయనకు నోరెలా వచ్చింది?

ఫాదర్ గారు ఒక్కొక్కరి ముందూ ఆగి, “మీరేమి కోరుచున్నారు?” అని అడుగుతున్నారు. మూడవ సభలో మాటపట్టు ఇవ్వగోరుచున్నామని అందరూ వల్లించిన జవాబు చెప్పారు. విజయమ్మ దగ్గరికి వచ్చి అడిగారు.

“మా పిన్నిని పిలవమని కోరుతున్నానండీ.”

ఫాదర్ గారు తెల్లబోయారు. మాస్టారు చటుక్కున ముందుకొచ్చాడు. “పండగ పూట పీఠం ముందు ఈ రభస ఏంటమ్మా? చూశారా ఫాదర్, నేను చెప్పలేదూ, ఈమెకు తగ్గింపు లేదని?”

“తగ్గడానికి మేం ఎప్పుడెక్కామండీ?” విజయమ్మ గొంతు గుడి చివరిదాకా వినపడింది. వీధి మొదట్లో కేకేస్తే చివరింట్లో తలుపు తీయించే గొంతు అది. “మీరు పాఠం చెప్పేటప్పుడు మా పిన్ని ఏ రోజన్నా ఆ హాల్లో ఉందా? ఉంటే చెప్పండి. మీ ఎంగిలి పళ్ళేలు కడుగుతా ఉంటే పాఠం ఎట్టా వస్తదండీ?”

జనం మెడలు పక్క తలుపు వైపు తిరిగాయి. ఫాదర్ గారు మాస్టారి వంక చూశారు, మళ్ళీ ఈమె వంక చూశారు. నుదుటి చెమట తుడుచుకుని, “ఇవాళ్టికి కానీయమ్మా. తర్వాత మాట్లాడదాం” అన్నారు.

“అట్టాగేనండి. అయితే నాది కూడా తర్వాతే కానీయండి.”

మెడలో వేసిన కొయ్య సిలువ తీసి పీఠం మీది పళ్ళెంలో పెట్టేసి, పక్క తలుపులోంచి పెరట్లోకి దిగింది. పిన్ని చేతిలోని పీచు లాగి అవతల పారేసింది. సగం తోమిన డేగిసా, గుట్టగా పడున్న పళ్ళేలు అలాగే వదిలేసి, బూడిద చేతులతోనే ఆమెను బండికి నడిపించుకుపోయింది.

రైల్లో పిన్ని ఏడ్చింది. “నన్నొక్క మాటన్నా అడిగావా? నీదన్నా అయితే చాలనుకున్నాను. దాన్ని కూడా కాలదన్నుకున్నావు కదే!” విజయమ్మకు పిన్ని మీద కూడా కోపమొచ్చింది. ఇంత జరిగినా వాళ్ళను ఒక్క మాట అనదేం? రేపల్లె వచ్చేదాకా ఇద్దరూ చెరో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

ఆ వారంలోనే ఫాదర్ యాకోబు గారు రేపల్లె వచ్చారు. మాస్టారు వెంట లేడు. పిన్ని వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. విజయమ్మ పక్కనే గంప సర్దుతోంది. కూర్చోమని పీట వేసింది పిన్నే.

“ఆ రోజు గిన్నెలు ఎవరు కడిగారండీ?” పిన్నికి ముందుగా పట్టిన బెంగ అది.

ఫాదర్ గారు ఇబ్బందిగా కదిలారు. “సాయంత్రం దాకా అలాగే ఉన్నాయమ్మా. తర్వాత కూలికి మనిషిని పిలిపించారు.”

విజయమ్మ చేతిలో గంప కింద పడేసింది. “అంటే మేం చేసింది కూలి పనేగా? మేం చేస్తే తగ్గింపు, ఇంకోళ్ళు చేస్తే కూలి! తను తగ్గాల్సొచ్చేసరికి డబ్బులిచ్చి మనిషిని పెట్టుకున్నారా మీ మాస్టారు? సిగ్గులేదా అండీ ఆయనకి? ఇదంతా చూస్తా కూడా మీకెందుకు కోపం రాలేదండీ ఫాదర్ గారూ?”

ఆయన కింద పడ్డ గంపను లేవనెత్తి పక్కన పెట్టారు. “నాదే తప్పమ్మా” అన్నారు. “ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?”

“నన్నడుగుతారేంటి? ఆమెనడగండి. ఇన్నేళ్ళలో ఆమెనడిగినోళ్ళు ఒక్కరన్నా ఉన్నారా?”

ఫాదర్ గారు పీట మీదే పిన్ని వైపు తిరిగి, “నీకేం కావాలి క్రిస్టినమ్మా?” అన్నారు.

మాటపట్టు అంటుందనుకుంది విజయమ్మ. పిన్ని కత్తిపీట పక్కకు జరిపి, తప్పుగా అడుగుతున్నానేమోనన్నట్టు ఆయన మొహంలోకి చూసింది.

“ఒక్కసారి ఆ హాల్లో కూర్చోవాలనుందండీ. అందరితో పాటు. మొదట్నించీ చివరిదాకా.”