జనగామ పేరు పిలిచేలోపు మానుకోటకు

జనగామ నుంచి మహబూబాబాద్‌కు సైకిల్ మీద వెళ్లాలనుకునేవాళ్లు నన్ను దారి అడుగుతుంటారు. నేను మొదటిసారి వెళ్లింది సరదాకి కాదు. తెలంగాణ ఉద్యమం రోజులవి. అప్పటి ఉమ్మడి జిల్లాలోని మహిళా టైలర్లమంతా మహబూబాబాద్‌లో, అంటే మేం మానుకోట అని పిలిచే ఊళ్లో, ఒక రోజు నిరాహార దీక్షకు కూర్చోవాలనుకున్నాం. పొద్దున శిబిరంలో ఒక్కో ఊరి పేరు పిలుస్తారు. ఆ ఊరి మనిషి లేచి వచ్చి దండ వేయించుకుని కూర్చోవాలి. ముందురోజుకే బస్సులు డిపోల్లో ఆగిపోయాయి, రైలురోకోతో రైళ్లూ లేవు. జనగామ నుంచి రావాల్సిన వాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. మా ఊరి పేరు పిలిస్తే ఎవరూ లేవకపోవడమా? నాకు తలకొట్టేసినట్టయింది.

నా సైకిల్ అప్పటిదాకా ఇంటికీ కుట్టు దుకాణానికీ మధ్య తప్ప తిరగలేదు. దారేమో ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. "పాలకుర్తి దాక పోయి మళ్లొస్తవ్ చూడు," అన్నాడు మా ఆయన. "మళ్లొస్తే నువ్వన్నదే నిజమైతది గద, అందుకే రాను," అన్నాను. రెండు రూపాయలిచ్చి గాలి కొట్టించుకుని, దీక్షకు ముందురోజు తెల్లవారుతుండగానే బయలుదేరాను.

పాలకుర్తి దాకా హాయిగా సాగింది. అక్కడ నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పక్క నుంచి జారుకోబోతే గరిటె పట్టుకున్న అన్న హ్యాండిల్ పట్టేశాడు.

"తినకుంట యాడికి పోతవక్కా?"

"కడుపు నిండితే తొక్కలేనన్నా. మానుకోట దాక పోవాలె."

"తెలంగాణ కోసం రెండు ముద్దలు తినవా?"

ఆ మాటకు ఎదురు చెప్పే మనిషి మా దగ్గర పుట్టలేదు. పప్పు, పచ్చిపులుసు, మళ్లీ పప్పు. మధ్యాహ్నం తొర్రూరులోనూ అదే రోడ్డు, అదే మాట, ఈసారి వంకాయ కూర. ఎండ కంటే, ఎత్తు కంటే ఆ రెండు భోజనాలే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టాయి.

నెల్లికుదురు దారిలో పిక్కలు పట్టేశాయి. కల్వర్టు మీద కూర్చుని ఏడ్చేశాను. తండాలోని బిడ్డ ఇంటికి మూట నెత్తిన పెట్టుకుని పోతున్న ఒక లంబాడా అవ్వ నా ముందు ఆగింది.

"ఏందే, ఎవలన్న కొట్టిన్రా?"

"లేదవ్వా. కాళ్లు పని చేస్తలేవు. ఇగ తొక్కలేను."

"తొక్కకు. దిగి నడువు. నడిస్తే గూడ మానుకోట వస్తది," అని తన మూట తీసి నా సైకిల్ క్యారేజీ మీద పెట్టింది. తండా మలుపు దాకా ఇద్దరం మాట్లాడుకుంటూ నడిచాం. ఆమె మూట తీసుకుని వెళ్లేసరికి నా కాళ్లు మళ్లీ దారికొచ్చాయి. దీపాలు పెట్టే వేళకు మానుకోట చేరి, తోటి టైలరమ్మ ఇంట్లో పడుకున్నాను.

పొద్దున శిబిరంలో మైకు పట్టుకున్న అన్న "జనగామ" అని పిలిచి, "బస్సుల్లేవు గద, ఎవలు రాలేదనుకుంట," అంటూ తర్వాతి పేరుకు పోబోయాడు.

"వచ్చిన అన్నా," అన్నాను. లేవబోతే తొడలు సహకరించలేదు. పక్కనున్న అక్కలిద్దరు రెక్కలు పట్టి లేపారు.

"ఎట్ల వచ్చినవక్కా?"

"సైకిల్ మీద."

శిబిరమంతా చప్పట్లు. దండ మెడలో పడుతుంటే నా కళ్లు నిండాయి. ఆ పూట నాకంటే గొప్పది లోకంలో లేదనిపించింది, ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను.

అప్పటిదాకా నా శక్తి ఎంతో ఇంట్లోవాళ్లు చెబితే నమ్మేదాన్ని. ఆ రోజు తర్వాత నన్ను నేనే అడగడం మొదలుపెట్టాను. అదే సైకిల్ మీద భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం దాకా వెళ్లి గోదావరిలో కాళ్లు కడుక్కున్నాను. మీకు ఒక్కటే సలహా: కాళ్లు మొరాయిస్తే ఆటో పిలవకండి, దిగి నడవండి. సైకిల్ నడిపించుకుంటూ చేరినా ఊరు చేరినట్టే లెక్క.