అబూ నాసర్ హెలికాప్టర్

నేను రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, ఒక చలికాలం మొదట్లో, కువైట్‌లోని ఒక చిన్న ప్రైవేటు సంస్థలో టెస్ట్ ఇంజనీరుగా చేరాను. షువైఖ్‌లో గరాజుల మధ్య ఉన్న షెడ్డు మా వర్క్‌షాపు. అక్కడ తయారవుతున్నది ఒక్క మనిషి నడిపే జంట రోటర్ల హెలికాప్టరు, తొలి నమూనా. యజమాని అబూ నాసర్ డెబ్భై దాటిన కువైటీ. ఒకప్పుడు ఆయనా ఇంజనీరే.

మామూలు హెలికాప్టరుకు పైన పెద్ద రోటరు, తోకకు చిన్న రోటరు ఉంటాయి. మా దానికి ముందొకటి, వెనకొకటి, రెండూ సమానమే. ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి కనుక తోక రోటరు అక్కర్లేదు. చిక్కల్లా ఒకటే. రెండింటి రెక్కలూ మధ్యలో ఒకదాని దారిలోకి ఒకటి వస్తాయి. రెండు చేతుల వేళ్లు కలిపినట్టు సందుల్లోంచి పోవాలి. ఆ లయ తప్పకుండా రెండు రోటర్లనూ కలిపి ఉంచే పొడవాటి ఇరుసును సింక్ షాఫ్ట్ అంటారు. అది విరిగితే రెక్కలు కొట్టుకుంటాయి. పైలట్ బతకడు.

పరీక్షలకు ఒక వరస ఉంది. ముందు నేలమీదే నడపాలి. తర్వాత గొలుసులతో కట్టి మనిషెత్తు లేపాలి. ఆ పైనే స్వేచ్ఛగా ఎగరడం. ప్రతి మెట్టుకూ టెస్ట్ ఇంజనీరు ఒప్పుకోవాలి, ఆ మాటను యజమాని కూడా దాటకూడదు. ఈ నియమం పెట్టింది అబూ నాసరే.

వసంతం వచ్చేసరికి యంత్రాన్ని వఫ్రాలో ఆయన తోటకు చేర్చాం. గొలుసు పరీక్ష రోజున అబూ నాసర్‌ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది గంగులమ్మ. కడప జిల్లా మనిషి, ఆయన ఇంట్లో చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి నా దగ్గరికి వచ్చింది.

“సార్, బాబాకు కండ్లు సన్నంగా అగపడతాండాయి. ఎండాకాలం పోయేతలికి అదీ ఉండదని డాక్టరు చెప్పినాడంట. ఈ పొద్దు ఎగరల్ల సార్.”

ఆయన చూపు మందగిస్తోందని తెలుసు. ఇంత దూరం వచ్చిందని తెలియదు.

ముందు నేలమీద నడిపి చూశాం. రోటర్లు పూర్తి వేగం అందుకునేలోపే షాఫ్ట్ మధ్యభాగంలో అదురు హద్దు దాటింది. ఇంజను ఆపించి, మళ్లీ నడిపించి చూశాను. మళ్లీ అంతే. పైలట్ కెప్టెన్ మోహన్ హైదరాబాదీ, ధైర్యస్తుడు. “ఒక్క నిమిషం లేపి దించేస్తా. పెద్దాయన చూస్తాడు గదా,” అన్నాడు. అతనికి ఇద్దరు చిన్నపిల్లలు. వద్దన్నాను.

కబురు పంపకుండా నేనే అబూ నాసర్ దగ్గరికి వెళ్లి, పక్కన కూర్చుని చెప్పాను. ఆయన కాసేపు యంత్రం వైపే చూశారు. తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసి, “ఖలాస్. నువ్వు కాదంటే కాదు,” అన్నారు. వెళ్లేముందు యంత్రం దగ్గరికి తీసుకెళ్లమన్నారు. ఒక రోటరు రెక్కను మొదటినుంచి చివరిదాకా నిదానంగా తడిమారు. గంగులమ్మ నా వైపు చూడలేదు.

విప్పి చూస్తే షాఫ్ట్ మధ్య బేరింగును పట్టి ఉంచే బ్రాకెట్టులో వెంట్రుక మందాన పగులు ఉంది. కొత్త డిజైన్ గీసి, మరింత మందంగా చేయించి, షెడ్డులో రోజుల తరబడి నడిపి చూసేసరికి వేసవి మీద పడింది. ఆ ఎండల్లో, దుమ్ముగాలుల్లో తొలి పరీక్షలు చేయరు. ఆగాం. డాక్టరు చెప్పినట్టే జరిగింది.

శరదృతువులో మళ్లీ వఫ్రా వెళ్లాం. ఈసారి నేలమీద నడిపినప్పుడు అదురు హద్దులోపే ఉంది. గొలుసులు కట్టాం. అబూ నాసర్ నల్లకళ్లద్దాలతో, యంత్రం చుట్టూ వేసిన కంచె అవతల కూర్చున్నారు. నేను ఆయన పక్కనే వైర్‌లెస్ పట్టుకుని నిలబడి, మోహన్‌కు సరేనన్నాను. ఇసుక లేచింది. చక్రాలు నేలను వదిలాయి.

“బాబా, ఫోగ్! ఫోగ్!” అని అరిచింది గంగులమ్మ. పైకి, పైకి అని.

ఆయన ఆత్రంగా ఏదో అడిగారు. ఆమె నా వైపు తిరిగింది. “ముందర లేసిందా, ఎనక లేసిందా అంటాండాడు. ఎట్ల జెప్పల్ల సార్?”

“నీకెలా కనిపిస్తే అలా చెప్పమ్మా.”

“రెండు పక్కలా ఒగేతూరి లేసింది సార్. మంచాన్ని చెరో పక్క పట్టుకోని లేపినట్ల.”

ఆమె అరబ్బీ అక్కడికి చాలలేదు. ఆ మాటను నేను ఇంగ్లిషులో ఆయనకు చెప్పాను. రెండు రోటర్లూ సమానంగా ఎత్తాయని దానర్థం. ఇంజనీరుగా ఆయనకు కావలసిన జవాబు అదే. ఆయన రెండు అరచేతులూ పక్కపక్కనే చాచి, ఒక్క ఎత్తున నెమ్మదిగా పైకి లేపారు. మోహన్ యంత్రాన్ని దించేదాకా వాటిని కిందికి దించలేదు. గంగులమ్మ పైటచెంగుతో ముందు ఆయన ముఖం తుడిచి, తర్వాత తన ముఖం తుడుచుకుంది.

ఆ యంత్రం తర్వాత కొద్దిసార్లే ఎగిరింది. దాని లోపాలు చూసి రెండో నమూనా గీశాం.

ఆ వసంతంలో పరీక్ష ఆపినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. బాధ ఉంది. ఈ రెండూ వేరని, బాధ కలిగినంత మాత్రాన నిర్ణయం తప్పు కాదని నేను తెలుసుకున్నది అక్కడే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పరీక్ష ఆపవలసి వచ్చినప్పుడు దానికోసం ఎదురుచూస్తున్న మనిషి దగ్గరికి నేనే వెళ్లి చెప్పాను.