నాకు గుర్తులేని కాన్పు

నా తొలికాన్పు నాకు గుర్తులేదు. నాకు తెలిసిందంతా అమ్మ, ఆసుపత్రిలో పక్క మంచం ఆమె చెప్పిందే.

ఆలూరు దగ్గర పల్లె మాది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. కాన్పుకని పుట్టింటికి వచ్చేసరికే నా కాళ్లు ఉబ్బి ఉన్నాయి. తొమ్మిదో నెల పడేసరికి మొహమూ ఉబ్బింది. వానల్లేక ఊరంతా ఎండిపోయిన ఏడు అది. "ఏం తింటాండావమ్మీ, ఇంత ఒళ్లు చేసినావు!" అని ఆడవాళ్లు సంబరపడేవాళ్లు. అమ్మ పూటపూటా దిష్టి తీసేది. కాలి మీద వేలితో నొక్కితే మెత్తటి పిండిలో నొక్కినట్టు గుంట పడేది. నేనూ చెల్లెలూ దాన్ని చూసి నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు పొద్దున్నే తలనొప్పి పట్టుకుంది. కళ్లముందు మిణుగురులు. తిన్న కొర్రన్నం తిన్నట్టే కక్కుకున్నాను. "పైత్యంలే, పండుకో" అంది అమ్మ. పండుకున్నాను. గోడకు ఆనించిన చేట రెండు చేటలుగా కనబడింది. నాకు తెలిసింది అంతవరకే.

ఆ తర్వాత విల్లులా వంగిపోయి కొట్టుకున్నానట. నోట్లో నురగ, నెత్తురు. చేతిలో ఇనుప తాళంచెవి పెట్టారు. గాలి సోకిందని ఎవరో అంటే ఎండుమిరపకాయల పొగ వేశారు. మళ్లీ మూర్ఛ రావడంతో నాయన ఆ పొగ కుండను కాలితో తన్ని, ఊరి బయట పోయినేడాది శనక్కాయల మూటలు ఎక్కిస్తున్న లారీ దగ్గరికి పరుగెత్తాడు. లారీ ఆయన సాయిబు. ఎక్కించిన మూటలు దింపించి, "ఎక్కించప్పా, ముందు బిడ్డను ఎక్కించు" అన్నాడట.

మెలకువ వచ్చింది కర్నూలు ఆసుపత్రిలో. చూపు మసక. నాలుక తెగి మాట రాలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుంటే మెత్తగా, ఖాళీగా తగిలింది. బిడ్డ యాడని చేత్తోనే అడిగాను.

"నిద్రపోతాండాది" అంది అమ్మ.

మరునాడూ అదే మాట. అప్పటికి రొమ్ములు గట్టిపడి రవిక తడిసిపోయింది. "పాలిస్తా, తీసకరా" అని ముద్దముద్దగా అన్నాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. పక్క మంచం ఆమె, ఒక ముస్లిం దర్జీ భార్య, లేచి వచ్చి నా దగ్గర కూర్చుంది.

"ఎన్ని దినాలు దాస్తారు చెల్లీ. ఆడబిడ్డ. పుట్టేటప్పటికే ఊపిరి లేదు. మీ నాయన తీసకపాయ."

నాకు ఏడుపు రాలేదు. ఎవరి సంగతో విన్నట్టుంది. నొప్పులు పడిన గుర్తు లేదు, కన్న గుర్తు లేదు. పోయింది మాత్రం నా బిడ్డట. పాలు ఇంకడానికి ఆమె మల్లెపూలు తెప్పించి నా రొమ్ములకు గుడ్డతో కట్టింది. ఇప్పటికీ ఆ పూలు తలలో పెట్టుకోను.

డాక్టరమ్మ దాన్ని గుర్రపువాతం, నిండు గర్భంలో వచ్చే మూర్ఛజబ్బు అంది. ఉబ్బినప్పుడే తీసుకురావాల్సింది కదా అని అమ్మను అడిగింది.

"ఒళ్లు చేసిందనుకుంటిమమ్మా" అంది అమ్మ.

రెండోసారి నెల తప్పినప్పటి నుంచీ నా మొగుడు నెలనెలా బస్సులో కర్నూలు తీసుకెళ్లి చూపించాడు. ఉప్పులేని సంగటి తిన్నాను. తల కాస్త బరువనిపించినా కాలి మీద వేలితో నొక్కి చూసుకునేదాన్ని. కొడుకు పుట్టాడు. బతికాడు.

వాణ్ణి చంకనేసుకుని ఒకసారి నాయనను అడిగాను, పాపను యాడ పెట్టినావని. కర్నూలులో తుంగభద్ర ఒడ్డుకు తీసుకెళ్లాడు. ఆ మధ్యలో ఏరు పొంగి ఆనవాళ్లన్నీ కొట్టుకుపోయాయి. ఇసుకలో అటూ ఇటూ తిరిగి ఒక తుమ్మచెట్టు దగ్గర ఆగాడు. కాదన్నట్టు తల ఊపి మళ్లీ నడిచాడు.

"ఎట్లుండె నాయనా?"

"శానా ఎంట్రుకలు. చుట్టిన గుడ్డలోంచి తల ఒకటే కనపడె. మొగం చూడలేకపోతి."

భుజం మీది తువ్వాలు తీసి నా కొడుకు తల మీద కప్పాడు. "పిల్లోనికి ఎండ తగుల్తాండాది. పోదాం పామ్మా" అన్నాడు.