ఎర్ర కారు బ్రేకులు

ఇన్నేళ్లూ ఈ సంగతి ఎందుకు రాయలేదంటే నాకు రాయడం రాదు కాబట్టి. యాభై ఎనిమిదో ఏట, మా వాడలో ఆడవాళ్లకు సాయంత్రం పూట చదువు చెబుతుంటే వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. నా పేరు రాయడానికే నెల పట్టింది. ఒత్తులు ఇప్పటికీ తడబడతాయి.

నిజానికి ఈ సంగతి ఒకసారి కాగితం మీదికి ఎక్కింది. రాసింది ఒక పోలీసు రైటర్. కింద పడిన ముద్ర నా బొటనవేలిది. ఆ కాగితంలో నాలుగైదు వరసలే ఉన్నాయి. మిగిలినదంతా నాలోనే ఉండిపోయింది.

మా పుట్టిల్లు సిరిసిల్ల. మా నాయన గుంట మగ్గం నేసేవాడు. ఆ తర్వాత మా అన్న పవర్‌లూమ్‌ల మీద పనికి పోయాడు. నేను ఎనిమిదేళ్లప్పుడే రాట్నం మీద నూలు కండెలు చుట్టడం నేర్చాను. కాళ్లు అందినప్పటి నుంచి మగ్గం గుంటలో కూర్చుని చెక్కలు తొక్కాను. ఏ చెక్క ఎంత తొక్కాలో చూడకుండానే కాలికి తెలిసిపోతుంది. పెళ్లయి కోరుట్ల వచ్చాను. మా ఆయనదీ మా కులమే కానీ మగ్గం వదిలేసినవాడు. కథలాపూర్ పోయే రోడ్డు మీద షెడ్డు వేసుకుని జీపులూ ట్రాక్టర్లూ బాగు చేసేవాడు. షెడ్డు వెనకే మా ఇల్లు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న నా రాట్నం అందులోనే.

బండి బ్రేకుల పైపుల్లో గాలి చేరితే తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర కింద పడుకుని చిన్న మర విప్పి గాలిని వదలాలి. మా షెడ్డులో ఆ పెడల్ తొక్కేది నేనే.

"ఇగో, తొక్కు."

"తొక్కిన."

"పట్టు. ఇడువకు... ఇడువకు... ఆ, ఇడువు."

పెడల్ మెత్తగా ఉంటే పైపులో గాలి ఇంకా ఉన్నట్టు. ఆ మెత్తదనం ఎంత మిగిలిందో నేను చెబితేనే ఆయన మర బిగించేవాడు. "మా మామ నాకు పిల్లనియ్యలె, కాలునిచ్చిండు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు.

అవి అన్నల, అంటే నక్సలైట్ల, రోజులు. ఊళ్లలో దొరల గడీలు ఖాళీ అవుతున్నాయి. కోనరావుపేట వైపు ఒక దొర తన ఊరు విడిచి జగిత్యాలలో అద్దె ఇంట్లో ఉంటున్నాడు. గడీ కొట్టంలో ఆయన వయసులో ఉన్నప్పుడు కొన్న ఎర్ర కారు మిగిలిపోయింది. రెండే సీట్లు, గుడ్డ కప్పు, నేలకు ఆనుకుని పోయే స్పోర్ట్సు కారు. దాని మీద వరిగడ్డి కప్పి, ట్రాక్టరుకు కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చారు.

"పట్నంల ఒకాయన తీసుకుంటనంటున్నడు మేస్త్రి. గాని బిరేకులు కొత్త కార్ల లెక్క పట్టాలంటడు. సిరిసిల్ల దాక నువ్వే నడిపి, ఆడ లారీ ఎక్కియ్యాలె" అన్నాడు దొర.

ఆ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. గట్టిగా నాలుగుసార్లు తొక్కితే వేడెక్కి పట్టు వదిలేసేవి. మా ఆయన మొదట పాత మాస్టర్ సిలిండరుకే కొత్త రబ్బర్లు వేద్దామనుకుని తెచ్చాడు. పెడల్ తొక్కితే నూనెను పైపుల్లోకి నెట్టేది ఆ సిలిండరే. తర్వాత మనసు మార్చుకున్నాడు. బోల్తా పడిన కొత్త చిన్న కారు ఒకటి దొరికితే, దాని ముందు చక్రాల డిస్కు బ్రేకులూ సిలిండరూ విప్పుకొచ్చాడు. అవి ఈ కారుకు అతకవు కదా. అతకడానికి ఇనుప పట్టీలు చేయించాలని మూడుసార్లు జగిత్యాల లేతు దగ్గరికి తిరిగాడు. అన్నం ముందర కూర్చుని కూడా కంచంలో వేలితో చక్రం గీసేవాడు.

నాకు భయంగా ఉండేది. ఒకరోజు సైకిలుకు గాలి కొట్టించుకునే మిషతో ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు.

"దొర బండి చేస్తున్నవా మేస్త్రి?"

"బండికి దొరతనం యాడిది తమ్మీ, ఇనుము గద."

"ఇనుమే. జల్ది పంపియ్యి మరి" అని వెళ్లిపోయారు. ఆ మర్నాడే పోలీసు జీపు ఆగింది. వాళ్లూ అదే అడిగారు, వాళ్లకూ ఆయన అదే చెప్పాడు.

బ్రేకులు బిగించిన రోజు బందు. అంగళ్లన్నీ మూసి ఉన్నాయి. మధ్యాహ్నం గాలి తీస్తుంటే బ్రేకు నూనె డబ్బా అయిపోయింది. "గూట్ల ఇంకో డబ్బ ఉండాలె, అందుకో" అన్నాడు. అప్పుడే రోడ్డు మీద పోలీసు జీపులు వరసగా పోతున్నాయి. నా గుండె వాటి వెంట పోయింది. షెడ్డు గూట్లో చూడకుండా ఇంట్లోకి ఉరికి, నా రాట్నం పక్క గూట్లో ఉన్న డబ్బా తెచ్చి ఇచ్చాను. ఆయన దాని మీది అక్షరాలు చదివి, "ఆ, గిదే" అని మూత తీసి పోశాడు.

మా ఇళ్లలో మంచి మూత ఉన్న డబ్బాను ఎవరూ పారేయరు. ఖాళీ అయిన ఆ బ్రేకు నూనె డబ్బాను నేనే కడిగి, మా అన్న సిరిసిల్ల నుంచి పంపిన మగ్గం నూనె పోసుకున్నాను. రాట్నం కదురుకు రెండు చుక్కలు వేసుకోవడానికి. ఆ సంగతి ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.

సాయంత్రం రోడ్డు మీద నడిపి చూశాడు. ఆగమన్నచోట ఆగింది. "గిట్ల పడుతుందనుకోలే!" అని పిల్లవాడిలా ఎగిరాడు.

మర్నాడు పొద్దున బయలుదేరే ముందు వెనక దీపం వెలుగుతోందా చూడటానికి నన్ను పెడల్ తొక్కమన్నాడు. తొక్కాను. నిన్నటికంటే గట్టిగా ఉంది. కాలు తీస్తే వెంటనే పైకి రాలేదు, బద్ధకంగా లేచింది. నా కాలికి తెలిసింది. నోటితో చెప్పలేదు. కొత్త బ్రేకులు ఇలాగే ఉంటాయేమో, ఆయనకు తెలియనిదా అనుకున్నాను. ఇది మాత్రం రైటర్ రాసిన కాగితంలో లేదు.

ఆయన వెళ్లిన గంటకు రాట్నం ముందర కూర్చుని డబ్బా కోసం చేయి చాపాను. గూడు ఖాళీ. షెడ్డులోకి పరుగెత్తాను. షెడ్డు గూట్లో అసలు డబ్బా సగం నిండి అలాగే ఉంది. నా డబ్బా నేల మీద ఉంది. అడుగున మిగిలింది వేళ్ల మధ్య రాసి చూశాను. బ్రేకు నూనెకు నీళ్లు తగిలితే కలిసిపోతుంది. వేళ్లు తొట్టి నీళ్లలో ముంచితే ఇది రంగురంగులుగా తేలింది. "రబ్బరుకు వేరే నూనె తగులద్దు, ఉబ్బి సిలిండర్ల ఇరుక్కుంటది" అని ఆయన పనికి వచ్చినవాళ్లకు వందసార్లు చెప్పడం విన్నాను.

ఆయన పోయే దారిలో, చందుర్తి వైపు గుట్టల నడుమ దిగుడు ఉంది.

బస్సులు ఇంకా తిరగడం లేదు. రోడ్డు మీద నిలబడి ఏడుస్తుంటే, కల్లు గీసే అన్న ఒకాయన సైకిలు ఆపాడు. కారియర్ మీద కూర్చోబెట్టుకుని కథలాపూర్ దాకా తొక్కాడు. అక్కడ చెప్పారు: ఎర్ర కారు దిగుడు దాకా పోనే లేదు. ముందు చక్రాలు పొగలు కక్కుతూ బిగుసుకుపోయి ఒక కల్వర్టు మీద ఆగింది. మా ఆయన దిగి కింద పడుకుని చూస్తుంటే పోలీసులు వచ్చారు. అంతకు ముందే ఎక్కడో కల్వర్టు కింద బాంబు దొరికిందట. కారుతో సహా ఆయన్ని తీసుకుపోయారు.

బతికే ఉన్నాడని ఒక అడుగు, పోలీసుల చేతిలో ఉన్నాడని ఒక అడుగు. అలా నడిచి స్టేషన్ చేరాను. ఏ ఊరి స్టేషనో రాయను. ఆవరణలో ఎర్ర కారు ఉంది. లోపల నుంచి ఆయన దగ్గు వినబడింది. చూడనివ్వలేదు.

"నీ మొగడు కల్వర్టు మీద ఏం జేస్తుండే?" ఎస్సై అడిగాడు.

"బిరేకులు బిగుసుకున్నయి సారు."

"నిన్ననే కొత్త బిరేకులు ఏసిన్నని వాడే జెప్పిండు. కొత్త బిరేకుల బండి కల్వర్టు మీదనే ఎందుకాగింది? వాడు కిందికి దూరి ఏం జూస్తుండు?"

"నేను తప్పు నూనె ఇచ్చిన సారు. మగ్గం నూనె. రబ్బర్లు ఉబ్బినయి."

"ఇయ్యాల నూనె అంటవు, రేపు నీళ్లంటవు. పో."

గేటు దగ్గర ముసలి కానిస్టేబుల్ నా వైపు చూడకుండా చెప్పాడు. "రేపు తొమ్మిది గొట్టంగ వ్యాను అస్తదమ్మ. ఏడికి తోల్కపోతరో నాకు తెల్వది."

ఆ రోజుల్లో ఒక స్టేషన్ నుంచి ఇంకోచోటికి తీసుకుపోవడం అంటే ఏమిటో మా దిక్కు చిన్నపిల్లలకు కూడా తెలుసు. దారిలో తప్పించుకోబోయాడని, కాల్చక తప్పలేదని మర్నాడు పేపర్లో వస్తుంది.

కోరుట్ల వచ్చి బీడీ కార్ఖానా గుమాస్తా కాళ్లు పట్టుకుంటే, జగిత్యాలలో ఉన్న దొరకు ఫోను కలిపి ఇచ్చాడు.

"దొరా, నీ కారు కొరకే పోయిండు. ఒక్క మాట చెప్పుండ్రి ఎస్సైకి. నీ బాంచెన్."

"ఏ కారు? నేను పోయినేడే అమ్మేసిన. నా పేరు ఎత్తకు" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఇంటికి వచ్చి షెడ్డులో కూలబడ్డాను. అడగడానికి ఇంకెవరూ లేరు. అప్పటికి మాకు పిల్లలు లేరు, అత్తామామలు లేరు. ఎదురుగా నేల మీద ఆ కారుకు విప్పేసిన పాత మాస్టర్ సిలిండరు ఉంది. దాని పక్కనే వాడకుండా మిగిలిన రెండు కొత్త రబ్బర్లు, పొట్లం కూడా విప్పలేదు. తర్వాత లేచి రెండు గ్లాసులు తెచ్చాను. ఒకదాంట్లో అసలు బ్రేకు నూనె, ఇంకోదాంట్లో డబ్బా అడుగున మిగిలిన మగ్గం నూనె పోశాను. ఒక్కో గ్లాసులో ఒక్కో రబ్బరు వేసి, మూతలు పెట్టి గుడ్డతో బిగించాను. అంతకుముందు రెంటినీ సిలిండరులో పెట్టి చూశాను. రెండూ సుళువుగా జారాయి.

ఒక్క రాత్రిలో ఉబ్బుతుందో లేదో నాకు తెలియదు. ఉబ్బకపోతే ఏమిటన్నది తలుచుకోలేకపోయాను. ఉదయం ఆ పెడల్ సంగతి నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే అనుకుంటూ, కుడికాలిని చేత్తో కొట్టుకున్నాను.

తెల్లవారగానే గ్లాసుల మీది మూతలు తీయకుండానే కొంగులో కట్టుకున్నాను. తీసి చూసే ధైర్యం లేదు. సిలిండరు చంకలో పెట్టుకుని రోడ్డెక్కాను. కల్లు గీసే అన్న తాటిచెట్ల వైపు పోతూ కనిపించాడు. నేను అడగకముందే సైకిలు తిప్పాడు. "చెట్లు యాడికి పోతయి చెల్లె, కూసో" అన్నాడు.

స్టేషన్ ముందర వ్యాను అప్పటికే నిలబడి ఉంది. కానిస్టేబుల్ వద్దంటున్నా లోపలికి పోయి, ఎస్సై బల్ల మీద సిలిండరు పెట్టాను. మూతలు తీశాను. బ్రేకు నూనెలోని రబ్బరు వేసినట్టే ఉంది. మగ్గం నూనెలోనిది నానిన శనగ గింజలా ఉబ్బి, అంచులు బయటికి తిరిగాయి.

"సారు, గిది పెట్టుండ్రి." మొదటిది ఇచ్చాను. ఎస్సై విసుగ్గా తీసుకుని సిలిండరులో పెట్టాడు. జారిపోయింది. "ఇగ గిది." రెండోదాన్ని వేలితో నొక్కాడు. పోలేదు. లేచి నిలబడి, పెన్సిల్ మొనతో నెట్టాడు. సగం పోయి ఇరుక్కుంది. వెనక్కీ రాలేదు.

"బండి గూడ గిట్లనే ఇరికింది సారు. నూనె ఆయన తప్పు గాదు. డబ్బ నేను తెచ్చిచ్చిన."

గది మూల కటకటాల వెనక నుంచి ఆయన గొంతు వినబడింది. బొంగురు పోయింది. "సారు, ఆమెను అనకుండ్రి. పోసింది నేను. పైన రాసింది సదివి పోసిన."

ఎస్సై ఆ ఇరుక్కున్న రబ్బరును ఇంకోసారి నెట్టి చూశాడు. తర్వాత గడియారం చూశాడు. "వ్యాను పొమ్మను" అన్నాడు కానిస్టేబుల్‌తో. రైటర్‌ను పిలిచి, "ఈమె చెప్పింది రాయి. ఏలు ముద్ర పడ్డంక వీన్ని ఇడిచిపెట్టు" అన్నాడు.

రైటర్ రాసి కాగితం నా ముందుకు తోసి, సిరా డబ్బా తెరిచాడు.

"చదివి ఇనిపియ్యుండ్రి సారు."

"చదివితె నీకు సమజైతదా?"

"ఇంటె ఐతది."

రైటర్ చదివాడు. 'భర్త నిర్లక్ష్యం వల్ల' అన్న మాట ఉంటే, అది కొట్టేయమన్నాను. ఎస్సై తల ఊపాడు, రైటర్ కొట్టేశాడు. బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద నొక్కాను. ముద్ర పడలేదు. వేలికి మగ్గం నూనె ఉంది. కొంగుతో గట్టిగా తుడుచుకుని, మళ్లీ సిరా అద్ది, రెండోసారి నొక్కాను.